ఎర్రమిట్ట

ఆరువందల మొక్కలు.
కానుగ, వేప, కొన్ని గుల్మొహర్లు,
నల్ల సంచుల్లో ఒకదాన్నొకటి ఆనుకుని.
మెహదీపట్నం ఇంకా షట్టర్లు ఎత్తలేదు.
లంగర్‌హౌస్ దగ్గర ఒక చాయ్,
చేవెళ్ల దాటాక ఎడమకు, మట్టిరోడ్డు.

చలాన్ మీద రాసి ఉంది:
ఎర్రమిట్ట. బంజరు. నూటపదెకరాలు. చెట్లు లేవు.

నిజమే, లేవు.
ఆకాశం మోకాళ్ల దాకా దిగి
అక్కడే ఆగిపోయినట్టుంది.

పాషా, ఇద్దరు పోరలు గడ్డపారలతో దిగారు.
ఎవరో ముందే సున్నంతో గుర్తులు పెట్టి పోయారు
బడిలో ప్రార్థనకు నిలబెట్టినట్టు వరసలు.
పదకొండో మొక్క పాతుతుంటే
మిట్ట మీంచి కేక.

చీర మీద ఖాకీ చొక్కా, మెడలో విజిల్.
విజిల్ ఊదలేదు, తిట్టింది.
కొమురవ్వ. రోజుకూలీ వాచర్.
గొర్లమ్మి మూడేళ్లయిందట.
"కాలు తియ్యి పోరడా! తియ్యంటున్న!"

వాడి చెప్పుకు జానెడు దూరంలో
నాలుగు గుడ్లు,
మొనలు లోపలికి పెట్టుకుని, రాళ్లలో రాళ్లలా.
నెత్తిమీద తీతువు అరిచి అరిచి
ఎక్కడో నలభై అడుగుల అవతల వాలి
అక్కడే పొదుగుతున్నట్టు కూర్చుంది.
కొమురవ్వ నవ్వింది.
"నాకన్న తెలివైంది.
నేనైతే గుడ్లున్నకాడికే ఉరుకొచ్చిన."

చెట్టు పెడితే పుణ్యం కదా అవ్వా, అన్నాను.
"కొమ్మ లేస్తే కాకి కూసుంటది.
కాకి కూసుంటే గుడ్లు కనవడ్తయి.
నీడ పడితే చెంగలి సస్తది. చెంగలి సస్తే..."
ఎంతమందికి చెప్పిందో, మధ్యలోనే ఆపేసింది.
"నడువు, సూపిస్త."

చెంగలి. గరిక.
కామంచి, నలిపి నా ముక్కు కింద పెట్టింది,
రాత్రంతా డీజిల్ పీల్చిన ముక్కు ఉలిక్కిపడింది.
"ఇది ఎద్దిగడ్డి. ప్యాంటు పట్టుకుంటది, తిట్టకు."
నక్క బొరియ. కుబుసం ముక్క.
పేరు తెలియని పిట్టొకటి నిట్టనిలువున ఎగిరి
పాట అయ్యేదాకా పైనే ఉండి
అవగానే రాయిలా రాలింది.
వాలడానికి కొమ్మ కావాలని
దానికెవరూ చెప్పినట్టు లేదు.

నా నోట్లో మాటలు గుర్తొచ్చాయి.
లంచగొండిని చూసి గడ్డి తిన్నాడన్నాను.
ఓనర్ తిడితే గడ్డి పెట్టాడన్నాను.
పనికిరాని మా బావమరిదిని
ఇరవయ్యేళ్లుగా గడ్డిపోచ అంటూనే ఉన్నాను.
ఆమె పక్కన నడుస్తూ నోరు మెదపలేదు.

ఫోన్ చేస్తే సార్ అన్నాడు:
పైనుంచి ఆర్డరు. ఫోటో పంపండి.

పదకొండు మొక్కల్నీ ఆమే పీకింది.
పీకింది అనకూడదు.
చుట్టూ మట్టి వదులు చేసి, వేళ్లు చెదరకుండా
చంటిపిల్లను ఇచ్చినట్టు ఒక్కొక్కటీ చేతికిచ్చింది.
"దీని తప్పేమున్నది. జాగ తప్పు."
గుంతలు పూడ్చి అరచేత్తో తట్టింది.

బడిగోడ వెంట రెండొందలు,
రోడ్డు పక్కన ఇంకొన్ని,
మిగిలినవి పంచాయతీ ఆఫీసు ముందు దించాం.
ఫోటోలో పాషా నవ్వాడు.
ఎర్రమిట్టకు ముట్టినవి ఆరువందలు, అని నేను రాస్తే
కొమురవ్వ వేలిముద్ర వేసి
నీలం వేలు గడ్డికి తుడుచుకుంది.
అది నిజం కాదు, పూర్తిగా అబద్ధమూ కాదు.
నలభై అడుగుల అవతల వాలిన మాట.

రాత్రి ఆసిఫ్‌నగర్‌లో ప్యాంటు ఉతుకుతుంటే
మడతలో దొరికింది ఎద్దిగడ్డి గింజ.
తడి తగలగానే దాని తోక మెలి తిరిగింది,
బకెట్టు అడుగున నేలను వెతుకుతూ.
మాది మూడో అంతస్తు. కింద సిమెంటు.

ఆరబెట్టి చలాన్ పుస్తకంలో పెట్టాను.
బుధవారం శంకర్‌పల్లి లోడు ఉంది.
కొంచెం చుట్టు తిరుగుడే,
ఆ డీజిల్ నా లెక్కలో.